ఓడ ఆగేది ఒక్క పగలే... ఊరు చూద్దామా, కొండెక్కుదామా?

రాత్రంతా సముద్రం మీద ప్రయాణం. పొద్దున్నే రేవులో ఓడ ఆగుతుంది. సాయంత్రానికి మళ్లీ బయల్దేరుతుంది. ఆ మధ్యలో దొరికే కాసిని గంటల్లోనే ఊరు చూడాలి, ఊరవతల తోటలూ చూడాలి. విదేశాల్లో ఓడ దిగినవాళ్లు నగరాన్నీ ద్రాక్షతోటల్నీ ఒకేరోజు చుట్టేసి వస్తుంటారు. మరి మన విశాఖలో దిగితే? అటు నగరం, ఇటు అరకు కాఫీతోటలు... రెండూ ఒక్కరోజులో కుదురుతాయా? నారాయణపేట నుంచి వెళ్లి ప్రయత్నించి వచ్చిన ఓ కుటుంబం కథతో లెక్క వేసి చూద్దాం!

'మామా, వైన్ కంట్రీ టూర్ అంట...' ఫోన్లో చదువుతున్న మా మేనకోడలి మాట పూర్తికాకముందే వాళ్ల నాయనమ్మ అందుకుంది.

'వైన్సుకు పోనీకి టూరెందుకే? మన గల్లీ మలుపుల్నే ఉంది గద!'

ఇల్లంతా ఒకటే నవ్వులు. నారాయణపేటలో మా అక్కావాళ్లింట్లో ఓ ఆదివారం జరిగిన ముచ్చటిది. నిజమే మరి, మన దగ్గర వైన్స్ అంటే బోర్డు వేలాడే దుకాణమే. అలాంటిది ద్రాక్షతోటల మధ్య తిరుగుతూ, పండు ఎలా కాస్తుందో, రసం ఎలా తీస్తారో చూసి రావడానికి ఓడ దిగి మరీ వెళ్తారంటే ఆశ్చర్యమే. ఆ మాటల్లోనే అసలు విషయం బయటపడింది. మా బావ చెన్నై నుంచి విశాఖ వెళ్లొచ్చే క్రూయిజ్‌కి టికెట్లు తీశాడు!

ఆయన ప్రభుత్వ బడిలో టీచరు. అంత ఖర్చు పెట్టే మనిషి కాదు. మరెందుకూ అంటే... వాళ్లమ్మ కోసం.

పాలమూరు వాళ్లకు ప్రయాణమంటే ఏమిటో ఈ పేజీ చదివే చాలామందికి చెప్పక్కర్లేదు. నిన్నమొన్నటి వరకూ ప్రయాణమంటే వలసే. సంచిలో బియ్యం, చంకలో బిడ్డతో బొంబాయి బస్సెక్కడమే. మా అత్తమ్మ కూడా అలాగే ఎక్కింది. సముద్రానికి ఎదురుగా లేస్తున్న భవనానికి ఇటుకలు మోసింది. 'రోజూ కనవడ్తుండె. పోనీకి తీరికెక్కడిది?' అంటుంది ఇప్పటికీ. ఆ కూలి డబ్బులతో చదువుకున్న కొడుకు, అమ్మకి సముద్రాన్ని దగ్గరగా చూపించాలని దాచుకున్న డబ్బులు తీశాడు. అందుకే విశాఖలో దొరికే ఆ ఒక్క పగలు ఆ ఇంట్లో అంత పెద్ద చర్చ అయింది.

ద్రాక్షతోటల దారిలో...

ఇంతకీ ఈ 'నగరం-తోట' జోడు ఎక్కడ పుట్టింది? క్రూయిజ్ ఓడలు ఆగే రేవుల్లో కొన్నింటికి ద్రాక్షతోటలు కూతవేటు దూరంలో ఉంటాయి. దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌నే తీసుకోండి. పొద్దున టేబుల్ మౌంటెన్ ఎక్కి దిగి, మధ్యాహ్నం స్టెలెన్‌బాష్ తోటలకు వెళ్లొచ్చు. దూరం 50 కిలోమీటర్లే. అంత తీరిక కూడా లేకపోతే నగరంలోనే కాన్‌స్టాన్షియా తోటలున్నాయి. అక్కడి గ్రూట్ కాన్‌స్టాన్షియా ఎస్టేట్ 1685 నాటిది. ఫ్రాన్స్‌లోని బోర్డోలో అయితే గరోన్ నదిలోంచి వచ్చిన ఓడ ఏకంగా నగరం నడిబొడ్డునే ఆగుతుంది. ఆస్ట్రేలియాలోని అడిలైడ్ నుంచి మెక్‌లారెన్ వేల్ తోటలు 40 కిలోమీటర్లు. అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లిన మన అమ్మానాన్నలకు బాగా తెలిసిన జోడు మరొకటుంది. పొద్దున శాన్‌ఫ్రాన్సిస్కో గోల్డెన్‌గేట్ వంతెన, మధ్యాహ్నం నాపా లోయ. అది సుమారు 80 కిలోమీటర్లు.

ఇటలీలో లివోర్నో రేవు కథ మరోరకం. అక్కడ దిగినవాళ్లు అటు ఫ్లోరెన్స్ నగరమూ ఇటు కియాంటీ ద్రాక్షతోటలూ కావాలనుకుంటారు. ఫ్లోరెన్సే 90 కిలోమీటర్ల దూరంలో ఉంది. దాంతో రెండింటికీ పరుగులు పెట్టి, ఏదీ సరిగ్గా చూడకుండానే ఓడెక్కేవాళ్లు ఎక్కువ.

మరి మనదేశంలో? ముంబయి రేవులో దిగితే నాసిక్ ద్రాక్షతోటలు 170 కిలోమీటర్ల వరకూ ఉంటాయి. రానూపోనూ పగలంతా దారిలోనే గడిచిపోతుంది.

తోటలు చూడటమంటే తాగడమే అనుకోనక్కర్లేదు. అసలు ఆకర్షణ నేల. ఒకే రకం ద్రాక్ష ఒక కొండవాలులో ఒక రుచి, పక్క కొండలో మరో రుచి ఇస్తుంది. మట్టి, ఎత్తు, ఎండ, గాలి అన్నీ కలిసి పండుకిచ్చే ఆ గుణాన్ని ఫ్రెంచివాళ్లు 'టెర్వార్' అంటారు. మనకు కొత్తదేం కాదు లెండి. పక్కనున్న తాండూరు కందిపప్పు రుచి వేరే అని మన అమ్మమ్మలు ఎప్పుడో చెప్పారు. 2022లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. నేల రుచిని వెతుక్కుంటూ వెళ్లడమే ఈ తోటల యాత్ర.

విశాఖకు ఓడొచ్చింది

ఇప్పుడు మన తీరానికొద్దాం. విశాఖ నౌకాశ్రయానికి మొదటి ఓడ 'జలదుర్గ' వచ్చింది 1933 అక్టోబరు 7న. అప్పట్నుంచీ సరుకుల ఓడలే దాని ప్రాణం. కేవలం విహారం కోసం ప్రయాణికుల్ని తెచ్చే ఓడ సందడి కొత్తది. 2022 జూన్‌లో కార్డీలియా సంస్థ 'ఎంప్రెస్' ఓడ చెన్నై నుంచి విశాఖ వచ్చినప్పుడు నగరమంతా వింతగా చూసింది. 1990లో నిర్మించిన ఈ ఓడలో 11 అంతస్తులు. 2023 సెప్టెంబరులో సుమారు 96 కోట్ల రూపాయలతో కట్టిన అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభమైంది. 2024 ఏప్రిల్ 28న 'ద వరల్డ్' అనే విదేశీ విహారనౌక అక్కడ ఆగింది. అందులో గదులన్నీ సొంతదారులవే. అంటే ఓడే వాళ్ల ఇల్లన్నమాట! 2025 జూన్-జులై నెలల్లో ఎంప్రెస్ మళ్లీ చెన్నై, పుదుచ్చేరి, విశాఖల మధ్య తిరిగింది.

అంటే ఏడాది పొడవునా వారం వారం ఓడ ఉంటుందనుకుంటే పొరపాటే. సీజన్ల వారీగా కొద్ది ట్రిప్పులే ఉంటాయి. సంస్థ ప్రకటన చూసుకున్నాకే సెలవులు పెట్టుకోవాలి.

మన ద్రాక్షతోట... కాఫీతోటే!

విశాఖ దగ్గర ద్రాక్షతోటల్లేవు. కానీ నేల రుచి కోసం ప్రపంచం వెతుక్కుంటూ వచ్చే తోటలున్నాయి. అవే అరకు కాఫీతోటలు. సముద్రమట్టానికి సుమారు మూడువేల అడుగుల ఎత్తున, తూర్పు కనుమల్లో, ఎర్రమట్టి వాలుల్లో పెరిగే అరబికా రకం ఇది. తోట అంటే ఎండలో వరసగా నిలబెట్టిన మొక్కలు కావు. పైన సిల్వర్‌ఓక్ చెట్ల నీడ. ఆ చెట్లను అల్లుకుని మిరియాల తీగ. కింద కాఫీ మొక్కలు. చూడ్డానికి అడవిలాగే ఉంటుంది.

ఈ కొండల్లోని గిరిజనులకు ఒకప్పుడు పోడు వ్యవసాయమే ఆధారం. కాఫీ వచ్చాక అడవి నీడ నిలబడింది, చేతికి నగదు పంట వచ్చింది. నాంది ఫౌండేషన్ ఇక్కడి రైతులతో కలిసి పనిచేసి, వాళ్ల కాఫీని 2017లో ప్యారిస్ దుకాణం దాకా తీసుకెళ్లింది. మరుసటి ఏడాదే, అంటే 2018లో, అక్కడి పోటీలో ఈ కాఫీకి బంగారు పతకం దక్కింది. 2019లో 'అరకు వ్యాలీ అరబికా'కు భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2023లో దిల్లీలో జరిగిన జి-20 సదస్సుకు వచ్చిన దేశాధినేతలకు ఇచ్చిన కానుకల్లోనూ అరకు కాఫీ ఉంది.

ఇంకో విశేషం... వైన్ రుచి చూసేవాళ్లున్నట్టే కాఫీ రుచి చూసే నిపుణులూ ఉన్నారు. వరసగా కప్పులు పెట్టి, చెంచాతో తీసి, చప్పుడొచ్చేలా జుర్రుతారు. పులుపెంత, తీపెంత, ఏ పండు వాసన తగిలింది అని మార్కులు వేస్తారు. ఏ వాలులో పండిన గింజ ఏ రుచి ఇచ్చిందో రాసుకుంటారు. అంటే నేల రుచిని వెతకడంలో అరకు, బోర్డో రెండూ ఒక్కటే. తేడా అల్లా ఒకటే, మనది ఇంటిల్లిపాదీ తాగొచ్చు!

గడియారం ఏమంటోంది?

అంతా బాగానే ఉంది. చిక్కంతా దూరంతోనే. విశాఖ నుంచి అరకు సుమారు 115 కిలోమీటర్లు. కేప్‌టౌన్ నుంచి తోటలకున్న దూరానికి రెట్టింపు పైనే. పైగా శృంగవరపుకోట దాటాక ఘాట్ రోడ్డు. మలుపు మలుపుకీ వేగం తగ్గాల్సిందే. కారులో ఒకవైపే మూడు గంటలు తక్కువ కాదు. వర్షం, రద్దీ తోడైతే నాలుగు.

లెక్క వేద్దాం. ఓడ పొద్దున 8 గంటలకు ఆగి సాయంత్రం 6 గంటలకు బయల్దేరుతుంది అనుకోండి. చూడ్డానికి 10 గంటలు. కానీ ఓడ ఆగిన నిమిషంలో దిగలేం. తనిఖీలు, వరసలు, టెర్మినల్ దాటి కారెక్కేసరికి 9. ఓడ కదిలేది 6కే అయినా, అంతకు అరగంట, ఒక్కోసారి గంట ముందే అందరూ లోపల ఉండాలంటారు. అంటే 5. దారిలో ఏదైనా అయితే అని మరో గంట చేతిలో ఉంచుకోవాలి. అంటే 4 గంటలకల్లా నగరంలో ఉండాలి. మిగిలింది ఏడు గంటలు. అరకు వెళ్లిరావడానికే ఆరు నుంచి ఎనిమిది. ఇక చూసేదేముంది?

'రైల్లో పోతే?' అని అడుగుతారు. విశాఖ నుంచి అరకు మీదుగా కిరండూల్ వెళ్లే ఆ దారి నిజంగా అద్భుతం. 58 సొరంగాలు దాటుకుంటూ కొండెక్కుతుంది. 1960లలో బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి, అక్కణ్నుంచి జపాన్‌కు పంపడం కోసం వేసిన లైనిది. అంటే రేవుకీ అరకుకీ చుట్టరికం ఓడలతోనే మొదలైందన్నమాట. 2017 నుంచి అద్దాల బోగీ కూడా వచ్చింది. అయితే పొద్దున వెళ్లే ప్యాసింజర్ అరకు చేరేసరికే మధ్యాహ్నం కావస్తుంది. తిరుగు రైలు విశాఖలో దిగేసరికి చీకటి పడుతుంది. ఓడ అప్పటికే హోరు సముద్రంలో ఉంటుంది!

ఇరవై నిమిషాల కాఫీతోట

ఇదంతా మా బావకు ముందే చెప్పాను. ఆయన లెక్కల మాస్టారు. 'బామ్మర్దీ, ముందు అరకు, వచ్చేటప్పుడు బీచి. కలిసొస్తది చూడు' అన్నాడు. దిగిన చోట కారు మాట్లాడుకున్నప్పుడు డ్రైవరు కూడా 'రెండూ కష్టం సార్' అనే అన్నాడట. అయినా బయల్దేరారు.

శృంగవరపుకోట దాకా బాగానే సాగింది. ఘాట్ మొదలయ్యేసరికి వాన. ముందు ఒక లారీ ఆగిపోయింది. దాని వెనక కార్లు, బస్సులు. కదలడానికి ముప్పావుగంట పట్టింది. ఇక అరకు మాట మర్చిపోయి అనంతగిరి దగ్గర కాఫీతోటలోనే ఆగారు. మేనకోడలు ఎర్రటి పళ్లతో ఫొటో దిగాలని కొత్త చుడీదార్ వేసుకుంది. కానీ కాఫీ పళ్లు ఎర్రబడేది చలికాలంలో. కోత నవంబరు నుంచి. వానాకాలంలో కొమ్మలకు పచ్చటి కాయలే ఉంటాయి. 'ఇవి మన కందికాయలకన్నా చిన్నగున్నయే' అందట అత్తమ్మ. రోడ్డు పక్క బండి దగ్గర తలో కాఫీ తాగారు. తోటలో ఉన్నది ఇరవై నిమిషాలు.

తిరుగు ప్రయాణంలో ఎవరూ మాట్లాడుకోలేదట. బావ చూపంతా వాచీ మీదే. పెందుర్తి దగ్గర నగరం ట్రాఫిక్ మొదలయ్యేసరికి అక్కకు కళ్లలో నీళ్లు తిరిగాయి. సామానంతా ఓడలో ఉంది. ఓడ వెళ్లిపోతే? బీచి రోడ్డు మాటెత్తే ధైర్యం ఎవరికీ లేదు. కారు నేరుగా రేవుకే. లోపలికి అడుగుపెట్టేసరికి గడువుకు మిగిలింది పాతిక నిమిషాలు.

ఓడ కదిలింది. డాల్ఫిన్స్‌నోస్ కొండ మెల్లగా వెనక్కి జరిగింది. అందరూ ఊపిరి పీల్చుకుని కబుర్లలో పడ్డారు. అత్తమ్మ మాత్రం రెయిలింగు పట్టుకుని తీరం వైపే చూస్తూ ఉందట. చెన్నైలో దిగగానే రైలు టైమైంది. నేరుగా స్టేషనుకే పరుగు.

'సముద్రం మీద పోయి వచ్చిన బిడ్డా. గని కాళ్లు తడవలే...' నేను పలకరిస్తే అత్తమ్మ అన్న మాటిది. కోపంగా కాదు, నవ్వుతూనే. పక్కనే ఉన్న మా బావ తలెత్తలేదు.

ఊళ్లోనే అరకు!

మరి ఆ రోజును ఎలా వాడుకుని ఉండాల్సింది? నగరాన్ని అసలు పనిగా పెట్టుకుని, తోటను రుచి వరకూ పరిమితం చేసుకోవడమే తెలివైన పని.

రేవుకు దగ్గర్లోనే రామకృష్ణా బీచి. మొదటి గంట సముద్రానికే ఇచ్చేయండి. అక్కడే 'కురుసుర' జలాంతర్గామి. 1969 నుంచి 2001 దాకా నౌకాదళంలో పనిచేసి, 2002లో మ్యూజియంగా మారింది. నావికులు పడుకునే ఇరుకు మంచాలు, టార్పెడోలు, వంటగది... పిల్లలు కదలమన్నా కదలరు. సోమవారం సెలవు. మిగతా రోజుల వేళలు ముందే కనుక్కోండి. ఎదురుగానే 2017లో తెరిచిన టీయూ-142 విమానం మ్యూజియం. రెండింటికీ కలిపి రెండు గంటలు.

అక్కణ్నుంచి తీరం వెంటే కైలాసగిరి. పైనుంచి చూస్తే సముద్రం, ఊరు ఒకే చూపులో కనిపిస్తాయి. చరిత్ర ఇష్టపడేవాళ్లు భీమిలి దారిలో తొట్లకొండ వెళ్లొచ్చు. రెండువేల ఏళ్లనాటి బౌద్ధారామమది. రాతిలో తొలిచిన నీటితొట్ల వల్లే ఆ పేరు. భక్తులకు సింహాచలం ఉండనే ఉంది. ఏడాదంతా చందనపు పూతలో ఉండే అప్పన్న నిజరూపం అక్షయ తృతీయనాడు మాత్రమే దర్శనమిస్తుంది. అయితే తొట్లకొండ, సింహాచలం రెండూ పెట్టుకోవద్దు. ఏదో ఒక్కటే. తిరిగొచ్చేటప్పుడు రేవు పక్కనే ఉన్న రాస్‌హిల్ వైపు చూడండి. పక్కపక్కనే మూడు గుట్టలు. వాటి మీద చర్చి, దర్గా, వేంకటేశ్వరుడి గుడి.

మరి కాఫీ? గిరిజన సహకార సంస్థ ప్రధాన కార్యాలయం విశాఖలోనే ఉంది. 1956లో మొదలైన ఈ సంస్థ గిరిజనుల నుంచి కొన్న కాఫీ, తేనె లాంటివి తన దుకాణాల్లో అమ్ముతుంది. ఒక కప్పు తాగి, ఒక పొట్లం సంచిలో వేసుకుంటే కొండ కిందికి దిగొచ్చినట్టే. దాంతోపాటు మాడుగుల హల్వా కూడా!

12 గంటలు దొరికితే...

ఓడ పొద్దున వచ్చి రాత్రికి గానీ వెళ్లని ట్రిప్పయితే, తోటే ముఖ్యమనుకుంటే, అప్పుడు కొండెక్కొచ్చు. కానీ నగరాన్ని పూర్తిగా వదులుకోవాలి. అనంతగిరి, సుంకరమెట్ట దగ్గర తోటలు అరకు కన్నా ముందే వస్తాయి. అక్కడే దిగి, తీరిగ్గా నడిచి, భోంచేసి వెనక్కి రావాలి. బొర్రా గుహలు, గిరిజన మ్యూజియం, కాఫీ మ్యూజియం, పద్మాపురం తోటలు అంటూ జాబితా పెంచారో... మా బావ కథే!

అసలు రెండూ నిండుగా చూడాలంటే దారి ఒకటే. ఓడ ప్రయాణాన్ని విశాఖతో ముగించుకోవాలి. ఒకవైపు టికెట్ ఉన్న ట్రిప్పు ఎంచుకుని అక్కడే దిగిపోవాలి. మొదటిరోజు నగరం. రెండోరోజు పొద్దున రైల్లో సొరంగాలు లెక్కబెట్టుకుంటూ అరకు. రాత్రికి అక్కడే బస. మూడోరోజు బొర్రా చూసుకుని దిగొచ్చి, రాత్రి హైదరాబాద్ రైలెక్కితే సరి.

ఓడ దిగే ముందు...

* తిరిగి ఎక్కాల్సిన గడువును కాగితం మీద రాసుకుని, ఫోన్లోనూ పెట్టుకోండి. అది ఓడ కదిలే సమయం కాదు, అంతకన్నా ముందుంటుంది.

* విదేశీ ప్రయాణాల్లో ఓడ గడియారానికీ ఊరి గడియారానికీ తేడా ఉండొచ్చు. ఓడ గడియారాన్నే నమ్మండి.

* ఓడ సంస్థే ఏర్పాటు చేసే యాత్రలకు ధర ఎక్కువే. కానీ బస్సు ఆలస్యమైతే ఆ బాధ్యత వాళ్లదే, సాధారణంగా ఓడ ఆగుతుంది. సొంతంగా వెళ్లినవాళ్ల కోసం ఆగదు.

* దూరపు చోటుకు ముందు, దగ్గరి చోట్లకు తర్వాత అనే సూత్రం మంచిదే. కానీ దూరపు చోట ఎన్ని గంటలకు వెనుదిరగాలో బయల్దేరే ముందే తేల్చుకోండి. అక్కడికి చేరకపోయినా సరే, ఆ సమయానికి కారు తిప్పేయాల్సిందే.

* గుర్తింపు కార్డు, ఓడ ఇచ్చిన కార్డు, ఒక పూట మందులు చేతిసంచిలోనే ఉండాలి.

* ఇంట్లో ప్రతి ఒక్కరినీ ఒకే ప్రశ్న అడగండి. 'నువ్వు తప్పకుండా చూడాలనుకునేది ఏమిటి?' ముందు పెద్దవాళ్లను అడగండి. వాళ్లు తమంతట తాము చెప్పరు.

మన పేటకూ ఇదే లెక్క

మనకు ఓడ రాదు, రైలొస్తుంది. జక్లేర్-కృష్ణా కొత్త లైను 2023 అక్టోబరు 1న ప్రారంభమయ్యాక మక్తల్, కృష్ణా మీదుగా కాచిగూడ నుంచి రాయచూరుకు రైలు నడిచింది. 2025 మార్చిలో ముడుమాల్ నిలువురాళ్లు యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరాయి. కృష్ణా మండలంలో నది ఒడ్డున మూడువేల ఏళ్లకు పైబడి నిలబడి ఉన్న రాళ్లవి. అక్కడే ఒక బండ మీద సప్తర్షి మండలాన్ని పోలిన గుంతలున్నాయి. ఇక ఊరి సంగతంటారా... భౌగోళిక గుర్తింపు పొందిన పేట చీరలు. ఎనిమిది చీరలకు సరిపడా పడుగు ఒకేసారి మగ్గానికి ఎక్కించడం మన నేత ప్రత్యేకత. గళ్ల ఒళ్లు, గుడి గోపురాల అంచు... శివాజీ దండు ఇటుగా వెళ్లినప్పుడు కొందరు నేతగాళ్లు ఇక్కడే ఆగిపోయారని, వాళ్ల వల్లే ఈ నేత వచ్చిందని ఊళ్లో చెప్పుకుంటారు. పేట బంగారానికీ అంతే పేరు.

హైదరాబాద్ నుంచి చుట్టాలొస్తే వాళ్లదీ ఓడ ప్రయాణికుల హడావుడే. 'రాళ్లు చూసి, చీరలు కొని, సాయంత్రం బండెక్కేయాలి' అంటారు. చివరికి మగ్గం ముందు కూర్చోరు, దుకాణంలో ఐదు నిమిషాలు నిలబడతారు. నేసే చేతుల్ని ఒక్క అరగంట చూసినవాళ్లు చీర ధర గురించి బేరమాడటం తగ్గిస్తారని మాత్రం చెప్పగలం. అరకు రైతుకైనా, పేట నేతన్నకైనా పరుగెత్తే అతిథి కన్నా కూర్చునే అతిథి వల్లే మేలు.

కొసమెరుపు ఏమిటంటే... మా బావ మళ్లీ లెక్కలు వేస్తున్నాడు. ఈసారి ఓడ లేదు. చలికాలంలో విశాఖకు రైలు, అక్కడ రెండు రాత్రులు, అరకులో ఒక రాత్రి. ఎర్రటి కాఫీ పళ్లు చూడొచ్చని మేనకోడలు సంబరపడుతోంది. ప్లాన్ కాగితం అత్తమ్మ ముందు పెట్టి, 'అమ్మా, నువ్వే చెప్పు' అన్నాడట.

ఆమె కళ్లద్దాలు సవరించుకుని ఒక్క మాటే అంది.

'మొదలు సముద్రం. తర్వాతనే మీ కాఫీలు.'